సుబ్బరత్నమ్మక్క మాటసాయం

నేను జుట్టుకి రంగేసుకునేది నాకోసం కాదక్కా, సంస్థ కోసం. నవ్వబాక. తల నెరిసినోడు ఎదురుగా కూర్చుంటే డబ్బులిచ్చే దాతలు ఏమనుకుంటారు? ఈ మనిషి పాతబడ్డాడు, ఈయన చెప్పే సమస్యా పాతదే అయ్యుండిద్ది అనుకుంటారు. పాత సమస్యకి పైసా రాలదు. అందుకని పల్నాటి మిరప రైతుల మేలు కోరి నెలకోసారి తల నల్లగా చేసుకుంటున్నా. త్యాగం అది. మా ఇందిర మాత్రం దాన్ని సోకు అంటది.

ఏంది, చెవి పక్కన కారిందా? కారదా మరి! నర్సరావుపేట నుంచి ఈపూరు దాకా ఈ ఎండలో బండి మీద వచ్చా. ఉండు, తుడుచుకుంటా. నువ్వు కాయలేరుకుంటా ఉండు సుబ్బరత్నమ్మక్కా, పని ఆపబాక. నేనిట్టా ఈ గోతాం మీద కూర్చుంటా. నేనూ నాలుగు ఏరతా. తాలుకాయ ఇటు, మంచికాయ అటు, అంతే గదా?

ఎందుకొచ్చావంటావా? ఊరికే. ఇట్టా పోతా పోతా ఆగా.

ఛీ! మా బతుకులంత రోత బతుకు ఇంకోటి లేదక్కా. నీకు తెలుసు గదా, మా సంస్థ ఈ నెలాఖరుకి మూసేస్తున్నారు. ఎక్కడో సముద్రాల అవతల, మిరపకాయ చెట్టుకి కాస్తదో భూమిలో ఊరుద్దో తెలియని పెద్దమనిషి ఓ కాగితం మీద అడ్డగీత కొట్టాడు. ఇక్కడ నా బండిలో పెట్రోలు ఆగిపోయింది.

వేరే ఉద్యోగం దొరక్కపోతే నేనేం చెయ్యాలో మా ఇందిర అప్పుడే తేల్చేసింది. వాళ్ళ తమ్ముడు అమర్నాథ్‌కి పేటలో పురుగుమందుల కొట్టుంది గదా. గల్లాపెట్టె పక్కన బావ కోసం కుర్చీ వేయించాడు. దానికి మెత్త కూడా కుట్టించాడక్కా! ఆ మెత్త చూసినప్పట్నుంచీ నాకు అన్నం సహించట్లా.

నువ్వే చెప్పు. ఇన్నేళ్ళూ ఊరూరా తిరిగి, మందులు తగ్గించండమ్మా, చేలో జిగురు అట్టలు కట్టండి, పురుగు వాటికే అంటుకుని చచ్చిద్ది అని గొంతు పోయేట్టు అరిచినోణ్ణి. రేపు నువ్వే ఆ కొట్టు ముందుకొచ్చి నిలబడతావు. నేనేమనాలి? ఈ డబ్బా కొడితే పురుగు పోద్దక్కా, ఆ పెద్ద డబ్బా కొడితే పక్క చేలో పురుగు కూడా పోద్ది, రెండూ కొంటే క్యాలెండరు ఉచితం అనాలా? అదే నోటితో?

మరి ఇంకో ఉద్యోగం చూసుకోరాదా అంటావు. అక్కడే ఉంది తిరకాసు. మిరప కోతల్లో కూలిపని కావాలంటే ఏం చేస్తారు? పోయి, పనుందా అంటారు. ఉంటే ఉందంటారు, లేకపోతే లేదంటారు. మా సేవ చేసేవాళ్ళకి అట్టా కుదరదు. ముందు పరిచయాలు పెంచుకోవాలంట. దానికి నెట్‌వర్కింగ్ అని పేరు. ఉద్యోగం కావాలని నోరు తెరిచి అడిగావో, నీ పని అయిపోయినట్టే. అడగకూడదు! నవ్వుతా, తలూపుతా, కార్డులిచ్చుకుంటా తిరుగుతానే ఉండాలి. ఏదో ఒకరోజు వాళ్ళకే అనిపించాల, పాపం వీడికి ఇద్దాం అని.

మావాళ్ళకని వేరే వెబ్‌సైట్లు కూడా ఉన్నయ్. ప్రపంచంలో ఎక్కడ కరువొచ్చినా, ఎక్కడ వరదొచ్చినా వాటికి సంబంధించిన ఉద్యోగాలన్నీ అందులో పడతయ్. పొద్దున్నే టీ తాగతా చూస్తా. నైరోబీలో నీళ్ళ నిపుణుడు కావలెను. జెనీవాలో ఆకలి మీద పనిచేసే ఆఫీసరు కావలెను. జెనీవాలో ఆకలేందక్కా? నేను బొమ్మల్లో చూశా ఆ ఊరు, మంచు తప్ప ఏం లేదు. ఈపూరుకి ఒక మనిషి కావలెను అని మాత్రం ఏ రోజూ పడలా.

అందులోనే పాఠాలు చెబుతారు. నీ గురించి నువ్వు ఎట్టా చెప్పుకోవాలి అని ఒక తరగతి. డబ్బు కట్టి మరీ విన్నా, ఇందిరకి చెప్పబాక. ఆ పాఠం చెప్పే పిల్ల అంటది, ఎవరన్నా పెద్దాయన నీతోపాటు లిఫ్టెక్కితే, అది పైకి పోయేలోపు నీ జీవితమంతా ఆయనకి చెప్పెయ్యాలంట. నాకు చెయ్యెత్తి చెబుదామనిపించింది. అమ్మా, మా పేటలో నేనెక్కిన లిఫ్టు ఒక్కటే, కల్యాణమండపంలోది. అది ఎక్కినప్పుడల్లా మధ్యలో ఆగిపోద్ది. ఎవరన్నా వచ్చి తలుపు లాగేలోపు నా జీవితమే కాదు, మా నాన్న జీవితం కూడా చెప్పొచ్చు అని. ఎత్తలా. నాకెందుకులే అని ఊరుకున్నా.

నా పేరు కింద ఓ లైను రాసుకోమన్నారు. మస్తాన్‌రావు, ఊళ్ళలో తిరిగి పనిచేస్తాను అని రాశా. చాలదంట. యోగేశ్‌ది చూసి నేర్చుకో అన్నారు. యోగేశ్ గుర్తున్నాడు గదా, రొంపిచెర్ల పిల్లోడు, నా బండి వెనకాల కూర్చుని తిరిగేవాడు, ఇప్పుడు మేకపిల్లలు పంచే సంస్థలో ఉన్నాడు. వాడు ఏం రాసుకున్నాడో తెలుసా? 'గ్రామీణ జీవన గాథల శిల్పి.' ఒరేయ్, నీకు బండి స్టాండు వెయ్యటం నేర్పింది నేనురా! అంత చీదరించుకున్నానా, మళ్ళీ నేనే పోయి నాది మార్చుకున్నా. 'మార్పుకి వారధి' అని పెట్టా. అమర్నాథ్ చూసి, ఏం బావా, వంతెన కాంట్రాక్టు ఏదన్నా పట్టావా అన్నాడు.

సరే. పోయిన వారం బెజవాడలో పెద్ద హోటల్లో ఈ పరిచయాల సభ పెట్టారు. పోయా. ఆ చలి గదిలో అందరికీ మెడలో పేరు అట్టలు. ఎవడూ మొహం చూసి నమస్కారం పెట్టడు, ముందు పొట్ట మీదికి వంగి అట్ట చదువుతాడు. మనది చిన్న సంస్థ అని తేలిందా, ఇక మన భుజం మీదుగా వెనకాల ఇంకెవరన్నా పెద్దోళ్ళున్నారేమో వెతుకుతా మాట్లాడతాడు. నేను కార్డులు అచ్చేయించుకుని పోయా, మంచి మందం కాగితం. భోజనాలయ్యాక చూద్దును గదా, చేతులు కడుక్కునే చోట ఒకాయన నా కార్డు మడిచి పంటి సందులో గుచ్చుకుంటా ఉన్నాడు. నా పేరు మీద బెండకాయ గింజ! నన్ను చూసి, గుడ్ నెట్‌వర్కింగ్ టుడే అన్నాడు. నేనేమన్నానా? యస్ సర్ అన్నా.

అది గాదు అసలు రోత. అసలుది వేరే ఉంది, చెబుతా విను.

సభలో ప్రతి సంస్థా ఓ పోస్టరు తగిలించాలన్నారు. మీవల్ల జీవితం మారిన మనిషి ఫోటో, పక్కన కథ. నేను నీ ఫోటో తీసుకుపోయా. చేలో పసుపురంగు జిగురు అట్ట పట్టుకుని నువ్వు నవ్వుతా ఉంటావే, అది. గోడకి తగిలించి వెనక్కి జరిగి చూసుకున్నా. బ్రహ్మాండంగా ఉన్నావు. పక్కకి చూశా. అక్కడా నువ్వే! మేకపిల్లని ఎత్తుకుని. దాని పక్కన మళ్ళీ నువ్వే, కుట్టుమిషను ముందు. నువ్వు ఎప్పుడు కుట్టావక్కా? సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలుస్తావు! ఆ పక్కన వానపాముల ఎరువు గుప్పిట్లో పట్టుకుని నువ్వు. చివర మరుగుదొడ్డి తలుపు తీసి లోపలికి దారి చూపిస్తా, పెళ్ళివారిని ఆహ్వానించినట్టు, నువ్వే.

ఐదు సంస్థలు, ఐదు పోస్టర్లు, ఒకటే ఆకుపచ్చ చీర, మామిడి పిందెల అంచు.

నవ్వుతావేం? ఆ చీర ఫోటోలోళ్ళ కోసమే పెట్టెలో దాచి ఉంచుతావంటగా. తప్పు నీది కాదులే. నీ ఇల్లు రోడ్డు పక్కనే. జీపు తిప్పుకోటానికి చోటుంది. నీకు చెప్పినప్పుడు నవ్వటం వచ్చు. ఇంకేం కావాలి? లోపలికి, కాలవ అవతలికి పోతే నిజంగా కష్టంలో ఉన్నోళ్ళు కనపడతారు. కానీ అక్కడికి జీపు పోదు, బూట్లకి బురదయిద్ది. మా సేవ అంతా జీపు తిరిగే చోటికే. మొదట ఆ జీపుని నీ వాకిట్లోకి తిప్పించింది ఎవరంటావా? నేనే. ఇక అది అట్టా తిరుగుతానే ఉంది.

అప్పుడొచ్చింది భవిత మేడం. హైదరాబాదు మనిషి. జిల్లాలో కొత్తగా పని మొదలుపెట్టే పెద్ద సంస్థలో ఉద్యోగాలిచ్చేది ఆమే. పేటలో ఆఫీసు, పల్నాడంతా చూసుకునే ఉద్యోగం. ఉన్నది ఒక్కటి. ఈ ఐదు పోస్టర్ల వాళ్ళమూ దానికే పెట్టుకున్నాం.

ఆమె చేతిలో ప్లేటు పట్టుకుని, చీరల కొట్టులో అంచులు పరిశీలించినట్టు అటు చివర్నుంచి ఇటు చివరికి నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. ఈవిడ ఒక్కరేనా అని అడిగింది. మేం ఐదుగురం పెళ్ళిచూపులకి వచ్చిన పెళ్ళికొడుకుల్లాగా వరసగా నిలబడ్డాం. యోగేశ్ ఉన్నాడే, వాడు గొంతు సవరించుకుని, బహుముఖ లబ్ధిదారు మేడం అన్నాడు!

ఆమె నవ్వలా. నవ్వినా బాగుండేది. ఫోన్లో ఏదో చూసుకుని ఇంకో బాంబు వేసింది. దరఖాస్తులో ఒక అంశం ఉందక్కా. మీరు పనిచేసిన ఊళ్ళో ఎవరన్నా ఒకరి ఫోన్ నెంబరు ఇవ్వండి, మీ గురించి వాళ్ళనే అడుగుతాం అని. నేను నీదిచ్చా, ఇంకెవరిదిస్తా? మిగతా నలుగురూ నీదే ఇచ్చి ఏడ్చారు. మేడం చెప్పింది, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఈవిడకే ఫోన్ చేసి మీ అందరి గురించీ ఒకేసారి అడుగుతా, ఆవిడ మాటని బట్టే చూద్దాం అని.

ఇయ్యాళ శుక్రవారం.

అబ్బే, అందుకని కాదు నేనొచ్చింది. చెప్పా గదా, ఇట్టా పోతా పోతా. ఈ కాయ తాలేనా? మంచిదా? మచ్చ ఉంది మరి.

అది సరే, ఆ గుమ్మం పక్కన ఆపిల్ పళ్ళెవరివి? యోగేశా! ఎప్పుడొచ్చాడు? నిన్నే వచ్చాడా! చూశావా, శిల్పి. ఆ గోడ గడియారం? కుట్టుమిషను వాళ్ళు. తిరగట్లేదే అది, చూసుకున్నావా? ఆ స్వీటు డబ్బా? మరుగుదొడ్డి వాళ్ళు స్వీట్లు తెచ్చారా? వాళ్ళకి తగ్గ ఆలోచనే. వానపాముల వాళ్ళో? ఓ బస్తా ఎరువు దించిపోయారా. సిగ్గు లేని జాతక్కా, సిగ్గు లేని జాతి! ముసలమ్మని పళ్ళతో కొంటారా? అబ్బే, నిన్ను ముసలమ్మ అనలా, మాట వరసకి.

నేనేం తెచ్చానా? అంటే... ఇదిగో. జిగురు అట్టలు. ఆఫీసు సర్దుతుంటే మిగిలినయ్. పడేయటం దేనికని.

అట్టా చూడబాక.

అమ్మాయ్ సాయిశ్రీ, మజ్జిగ నాకెందుకమ్మా, ఇప్పుడేగా తాగొచ్చింది. సరే ఇవ్వు, కాదనకూడదు. నీ కోడలు బంగారమక్కా. డిగ్రీ చదివిన పిల్ల మిరపకాయల ఘాటులో కూర్చుంది పాపం. ఆ తెల్లదొర వచ్చిన రోజు గుర్తుందా? ఆయన అడిగినవాటికి ఇంగ్లీషులో గడగడా చెప్పింది ఈ పిల్లే. నేను పక్కన యస్ యస్ అంటా నిలబడ్డా. రిపోర్టులో మాత్రం, మస్తాన్‌రావు అనువదించెను అని రాసుకున్నా. నవ్వుతావేందమ్మా, పెద్దోణ్ణి.

ఏం చెబుతున్నా? ఆఁ. అక్కా, నేను నీకు ఏమన్నా తక్కువ చేశానా? మహిళా సంఘం మీటింగులో తలుపు చాటున నిలబడేదానివి. నీ చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చి, చేతిలో మైకు పెట్టింది ఎవరు? అడిగితే పోయేదేముందమ్మా, కాదంటే కాదంటారు, నోరు తెరిచి అడగండి అని, ప్రతి ఊళ్ళో ఆడోళ్ళకి చెప్పి చెప్పి నా గొంతు బొంగురుపోయింది. తర్వాత ఆ రోజు కలెక్టరు ముందు నువ్వు లేచి, అయ్యా, మా వీధికి మంచినీళ్ళ పైపు ఎప్పుడేస్తారు, తారీఖు చెప్పండి అన్నావు చూడు, వెనక కూర్చున్న నా కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్. పైపు రాలా అనుకో. అది వేరే సంగతి.

అందుకని నేనేమంటున్నానంటే... అంటే నాకోసమని కాదు. మామూలుగా, నాలుగింటికి ఫోనొచ్చినప్పుడు, ఆమె మస్తాన్‌రావు ఎట్టాంటోడు అని అడిగిద్దనుకో... ఈ గాలి ఒకటి, ఘాటంతా ముక్కులోకి కొడతంది... అడిగితే నువ్వు...

ఏందీ?

వచ్చిందా? పొద్దున్నే వచ్చిందా ఫోను?

నాలుగింటికన్నారే! ముందే చేశారా? ఎవరూ వచ్చి చెవిలో ఊదకముందే మాట్లాడదామని? అబ్బో, తెలివైనదే ఆమె. మరి ఇంతసేపట్నుంచీ చెప్పవేందక్కా? నేను జుట్టు రంగు దగ్గర్నుంచి మొదలుపెట్టి వాగుతా ఉంటే కాయలేరుకుంటా కూర్చున్నావు!

సరే సరే. ఏమడిగింది? మా ఐదుగురి పేర్లూ చదివిందా. ఏం చెప్పావు? అందరూ మంచోళ్ళే అన్నావా. ఊఁ. ఫోటోలు బాగా తీస్తారన్నావా! ఓరి దేవుడా. అంతేనా? నా గురించి విడిగా ఏం చెప్పలా? ఆమే అడిగిందా, జుట్టుకి రంగేసుకునే ఆయనేనా అని? ఛీ ఛీ! నువ్వేమన్నావు?

మిగతావాళ్ళు నిలబడే మాట్లాడి పోతారు, మస్తాన్‌రావు వచ్చి కింద కూర్చుంటాడు అన్నావా.

హుఁ. అన్నావా అట్టా. మంచిది. కూర్చుంటా నిజమే. నడుం నెప్పి గదా నాకు.

తర్వాత? అక్కడితో పెట్టేసిందా? లేదా? నువ్వే ఆగమన్నావా? ఎందుకు?

అడిగావా! సాయిశ్రీ కోసం అడిగావా? ఆ ఉద్యోగమేదో మా కోడలికే ఇవ్వరాదా అమ్మా, డిగ్రీ చదివింది, ఈ ఐదు సంస్థల జీపులకీ దారి చూపించేది మా పిల్లే అన్నావా? ఫోన్లోనే? మొహం కూడా చూడని మనిషిని?

ఆమె ఏమంది? తిట్టలా? పిల్లకి ఇమ్మందా ఫోను? ఎంతసేపు మాట్లాడింది? ఇంగ్లీషులోనా? సోమవారం పేటకి ఇంటర్వ్యూకి రమ్మందా!

అట్టా ఎట్టా కుదురుద్దక్కా! ఇదేమన్నా ఉపాధి పనా? జిల్లా మొత్తం చూసుకునే ఉద్యోగం! దానికి అనుభవం ఉండాలి, ఈ రంగంలో నలిగి ఉండాలి, ఊళ్ళో జనం...

అవున్లే, మేకలు ఈ ఇంట్లోనే కట్టేశారు. మిషను ఈ ఇంట్లోనే పెట్టారు. ఎరువు తొట్టి, మరుగుదొడ్డి, జిగురు అట్టలు, అన్నీ ఈ ఇంట్లోనే. ఏ మేక బతికిందో, ఏ మేక చచ్చిందో, ఏ మిషను తుప్పు పట్టిందో ఈ పిల్లకి తెలిసినట్టు మాకు తెలుసా? మేం ఫోటో తీసుకుని పోయాం. సంవత్సరాల తరబడి ఐదు సంస్థలూ చేసింది కళ్ళారా చూసిన మనిషి ఈ జిల్లాలో ఇంకోళ్ళు లేరు. అనుభవమంట, అనుభవం. థూ!

పరిచయాల పాఠాలకి డబ్బు కట్టింది నేను. కార్డులు అచ్చేయించింది నేను. వారధిని నేను. నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని ఒక్క ముక్క అడిగావు.

ఏందమ్మా సాయిశ్రీ, అట్టా నిలబడ్డావు? బయోడేటా రాసివ్వాలా? నేనా?

నేనే రాయాలా అక్కా. సరే. ఇటివ్వండి కాగితం. నేను గాక ఎవరు రాస్తారు, నేను రాయనిది ఏముంది ఈ ఇంటి గురించి? ఈసారి నిజమే రాస్తాలే. అమ్మాయ్, 'మార్పుకి వారధి' అని మాత్రం పెట్టబాక, వంతెన కాంట్రాక్టరనుకుంటారు. నీ పేరు, నీ చదువు, ఈ వాకిట్లో నువ్వు చూసిందంతా. అది చాలు.

హామీగా ఎవరన్నా ఒకరి పేరు కావాలందా? నాదా? పెట్టుకో తల్లీ. మస్తాన్‌రావు. ఆ నెంబరే. నెలాఖరు తర్వాతయితే పురుగుమందుల కొట్టుకి చెయ్యమను. మెత్త కుర్చీలోనే ఉంటా.

ఏందక్కా?

ఇంతకీ నువ్వెందుకొచ్చావురా అంటావా?

చెప్పా గదా. ఊరికే. ఇట్టా పోతా పోతా.

సరే, అబద్ధం. పనిమీదే వచ్చా. దారంతా బండి మీద గట్టిగా పైకి అనుకుంటా వచ్చా, నాకో మాటసాయం చెయ్యక్కా అని. ఎన్నిసార్లు మొదలుపెట్టానో చూశావుగా. ఇప్పుడు కూడా, రేపు ఈ పిల్ల ఆ ఆఫీసులో కూర్చున్నాక, ఊళ్ళు తిరిగే మనిషి ఒకడు కావాల్సొస్తే, నేను...

పోన్లే. ఆ చాట ఇటు జరుపు.

ఈ మండలంలో ఇంతమంది ఆడోళ్ళకి అడగటం నేర్పా. నాకు మాత్రం అది రాలా అక్కా. ఇప్పటికీ రాలా.